గేటు బయటి నల్లా

బోధన్ దగ్గర మా చెరుకు మడుల అంచునే ఇల్లు. నాయనమ్మ పోయాక బాపు ఆమె పేరు మీద మా బోరు నుంచి గేటు బయటికి ఓ నల్లా పెట్టించాడు. వాడకట్టంతా అక్కడే తాగునీళ్లు పట్టుకునేది. ఆ నీళ్లను ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట బాపు ఇంకో ముద్ద ఎక్కువే తినేవాడు.

నేను నిజామాబాద్‌లో సివిల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. ల్యాబులో పరీక్షకు ఎవరింటి నీళ్లు వాళ్లు తెమ్మన్నారు. బాపే సీసా కడిగి నింపి ఇచ్చాడు.

"మీ సార్లకు సుత ఓ గ్లాసు తాగిపియ్యి బిడ్డా, గప్పుడు తెలుస్తది."

నైట్రేటు హద్దు దాటింది. నా చేతిలోనే తప్పుందేమోనని మళ్లీ చేశాను. అంతే వచ్చింది. చేలో చల్లిన యూరియా భూమిలోకి దిగి బోరు నీళ్లలో కలుస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. పసిపిల్లలకు అది మరీ చెరుపు, ఒళ్లు నీలం తిరుగుతుంది. కాన్పుకొచ్చిన అక్క మా ఇంట్లోనే ఉంది. బాబుకు డబ్బా పాలు. ఉన్నపళంగా బస్సెక్కాను.

ఇంట్లో అమ్మ పాలకు నీళ్లు కాస్తోంది.

"ఆ నీళ్లు బాబుకు పొయ్యకే అమ్మా."

"మసలబెట్టిన గదనే, ఇంకేమైతది?"

"మసలబెడితే పురుగులు సస్తయి. చేన్లకెల్లి నీళ్లల్ల దిగిన యూరియా పోదు. నీళ్లు ఇగిరితే ఇంకా చిక్కగైతది."

పెరటి చెట్టు మందుకు రాదంటారు. అమ్మ నమ్మనట్టే చూసింది. బాబును ఎత్తుకుని పెదాలూ గోళ్లూ చూశాను. ఎర్రగానే ఉన్నాయి. అప్పుడొచ్చింది ఏడుపు.

బాపు గడపలో నిలబడి అంతా విన్నాడు.

"యూరియా జల్లింది నేనే గదా?"

పరీక్షలో మార్కులొచ్చిన జవాబే అది. "అవును బాపూ. నువ్వొక్కడివే కాదు, అందరు జల్లిండ్రు" అన్నాను. రెండో మాట ఆయన వినలేదు. పానా తెచ్చి నల్లా ఊడదీసి, పైపుకు మూత బిగించాడు.

తెల్లారి బిందెలతో వచ్చినవాళ్లకు గేటు దగ్గర నిలబడి తానే చెప్పాడు. "నీళ్లు మంచిగ లేవు. మా బిడ్డ సూసింది."

పక్కింటి ముసలాయనకు కోపమొచ్చింది. "ఇన్నేండ్లు తాగినం, ఏమైంది? మీ అవ్వ పేరు మీద పెట్టినవ్, గిట్ల తీస్తవా?"

"మా అవ్వ పేరు మీద పెట్టిన" అన్నాడు బాపు. "గందుకే తీసిన."