మోగని మెట్లు

“నడుమ ఆగొద్దవ్వా. నువ్వు ఆగితే ఫోను పట్టుకోలేదు.”

“ఆగేది నేను కాదు పాపా. పాటే ఆడ ఆగుతాది.”

“పాట యాడన్నా ఆగుతాదా? నువ్వు మర్చిపోయి ఆగుతాండావు.”

“మర్చిపోయేదాన్నైతే అరవై ఏండ్లు మోస్తానా? నీ ఫోనుకే వినేది రాదు.”

మొన్న సాయంత్రం నా మనవరాలితో ఇట్లా గొడవపడ్డాను. గొంతెత్తి పాడితే అది ఏ పాటో ఫోను చెబుతుందట. దానికి దుడ్లు ఖర్చు కావంటేనే ఒప్పుకున్నాను.

నా చిన్నప్పుడు బద్వేలు దగ్గర మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాను. బడిలో పాత పియానో ఒకటి ఉండేది. లోపల ఎలుకలు కొరికి, వేళ్లతో నొక్కే దాని తెల్ల మెట్లలో మూడు మూగబోయాయి. బాగుచేసేవాళ్లు చుట్టుపక్కల లేరు. శనివారం దాని దుమ్ము తుడిచే పని నాది. తుడిచాక మా టీచరమ్మ కూర్చుని ఎప్పుడూ ఒకే పాట వాయించేది. పేరు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మూగ మెట్టు వచ్చినప్పుడల్లా దాన్ని కూడా నొక్కి, ఆ తర్వాతే ముందుకు పోయేది. విని విని నాకూ ఆ పాట ఆ చోట్ల ఆగుతూనే పట్టుబడింది. మోగనిదాన్ని నొక్కడం దండగ కదా అని ఒకరోజు అడిగేశాను. ఆమె నవ్వలేదు, కసరలేదు. నా వేలు పట్టి ఆ మెట్టు మీద పెట్టింది.

“దీన్ని నొక్కకుండా పోతే ఎనకాల వచ్చేది ముందే వస్తాది. అప్పుడు మోగేవి గూడా చెడిపోతాయి పాపా,” అంది.

ఆ ఏడే నన్ను బడి మాన్పించి బుడ్డల చేలోకి, అదే వేరుశనగ చేలోకి పంపారు. వాన లేక కాయ పట్టదని తెలిసిన ఏండ్లలో కూడా నేను ఒక్క సాలు వదలకుండా కలుపు తీశాను. చూసినవాళ్లు నాకు పిచ్చి అనుకున్నారు.

ఇదంతా చెబితే మనవరాలు ఫోను కింద పెట్టింది.

“అయితే ఆ మూడు మెట్లలో ఏముండేదో నీకూ తెల్దు గదవ్వా?”

తెలియదు. అందుకే ఈ తిప్పలు. పోయేలోపల ఆ పాటను ఒక్కసారి నిండుగా వినాలని నా ఆశ.

మనవరాలు ఆ పాటకు దగ్గర దగ్గరగా ఉండేవన్నీ ఫోనులో వెతికి వినిపించింది.

“ఇదా?”

“కాదు.”

“ఇదన్నా?”

“కాదులే.”

దీపాలు పెట్టే వేళ దాకా విన్నాను. కొన్ని మా పాటకు మేనత్త బిడ్డల్లా ఉన్నాయి గానీ, అది మాత్రం లేదు.

మరుసటి పొద్దున కసువు ఊడుస్తూ ఎప్పటిలా పాట ఎత్తుకున్నాను. ముందురోజు విన్నవన్నీ కలగలిసి వచ్చాయి. ఎక్కడ ఆగాలో తెలియలేదు. మళ్లీ ఎత్తుకున్నాను, మళ్లీ అంతే. నోరు మూసుకుని వాకిలి మూల దాకా ఊడ్చాను.