చిన్న లైను ఇంజను

ఆ రోజు పొద్దున ఇల్లు కదిలేముందు ఎడ్వర్డ్ చేసిన ఆఖరి పని ఇంజనుకు నూనె పెట్టడం. కోడి ఈక కొసను మిషన్ ఆయిల్‌లో ముంచి, చూపుడువేలంత బొమ్మ రైలింజనును వెల్లకిలా తిప్పి, ఒక్కో చక్రానికీ అద్దాడు. పాత బనీను ముక్కతో తుడిచి అరలో పెట్టాడు. శామీర్‌పేటలో ఎవరిదో కుట్టుమిషన్ ఊరికే దారం తెంపుతోందని ఫోనొస్తే, పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు.

"ఏందయ్య, నూనె పెట్టుడే గాని దాన్ని నడిపేది లేదా?" ఝాన్సీ వంటింట్లోంచే అడిగింది.

"పెండ్లికొడుకును రోజూ ఊరేగిస్తరా? ముహూర్తం రావాలె."

"కిరస్తానోళ్లకు ముహూర్తమేంది?"

నవ్వుకుంటూనే మోటారుసైకిలు తీశాడు. శామీర్‌పేటలో మిషన్ బాగుచేసి, వాళ్ళిచ్చిన చాయ్ సగం తాగి, గోడకు చేరగిలబడ్డవాడు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

ఎడ్వర్డ్‌ది మేడ్చల్‌లో కుట్టుమిషన్ల రిపేరు దుకాణం. ఝాన్సీ పుట్టిల్లు గౌడవెల్లి. వాళ్ళ పెళ్ళి కుదిరిన రోజుల్లో ఆ రెండూళ్ళ మీదుగా చిన్న లైను ఉండేది. ఇప్పటి పెద్ద లైను కన్నా పట్టాలు దగ్గరదగ్గరగా ఉండేవి గనుక అందరూ దాన్ని అలాగే పిలిచేవాళ్ళు. సికింద్రాబాదులో సూదులు కొనాలనో, బెల్టు కొనాలనో ఒక సాకు పెట్టుకుని అతను ఆ బండెక్కేవాడు. గౌడవెల్లిలో బండి నిలబడినంతసేపే మాటలు. అతను తలుపు దగ్గరే ఉండేవాడు, ఆమె ప్లాట్‌ఫారం మీదే ఉండేది.

"ఎక్కరాదూ, బొల్లారం దాక పోయొద్దాం."

"పెండ్లి గాకముందే నీ ఎంబడి బండెక్కితే మా నాయిన ఊకుంటడా? పెండ్లయినంక ఎక్కుత."

పెళ్ళయ్యేసరికి ఆ లైను పీకేశారు. తర్వాత పెద్ద లైను మీద ఇద్దరూ ఎన్నోసార్లు తిరిగారు. అయినా ఎక్కుతానన్న బండి అది కాదు కదా.

చాలా ఏళ్ళకు చర్చి సభలకు స్విట్జర్లాండ్ నుంచి ఒక ముసలి దొర వచ్చాడు. సంచి పట్టీ తెగితే కుట్టించుకోవడానికి ఎడ్వర్డ్ దుకాణానికి వచ్చి, మాటల్లో తమ దేశంలో ఇంకా చిన్న లైను మీదే కొండలెక్కుతామని చెప్పాడు. వెళ్ళాక ఒక పార్సిల్ పంపాడు. ఆ లైనుకు సరిపోయే బొమ్మ పట్టాలు, రెండు ఎర్ర రైలు డబ్బాలు. ఇంజను తర్వాత పంపుతానన్నాడు గాని, ఆ తర్వాత ఆయన కబురే లేదు.

ఎడ్వర్డ్ పట్టాలను బల్ల మీద గుండ్రంగా బిగించాడు. దారపు రీళ్ళ అట్టపెట్టెతో స్టేషన్ కట్టి, గౌడవెల్లి అని రాశాడు. ఇంజను కోసం సికింద్రాబాదు, అబిడ్స్ దుకాణాలన్నీ తిరిగాడు. ఎక్కడ అడిగినా సెల్లు వేస్తే కూతకూసే ప్లాస్టిక్ రైళ్ళే చూపించారు.

"ఎట్లనన్న తెప్పిస్త," అనేవాడు ఝాన్సీతో. "గౌడవెల్లిల బండి ఆపుత. ఈసారి ఎక్కాలె మల్ల."

"ఎలుకపిల్లను గూసోబెట్టు, అదైతే పడ్తది," అనేది ఝాన్సీ. అనేదే గాని, అట్ట స్టేషన్ మీద దుమ్ము పడనిచ్చేది కాదు.

ఝాన్సీ చెల్లెలు రెబెక్కా కువైట్‌లో నర్సు. సెలవుకు బయల్దేరేముందు అక్కడి బొమ్మల దుకాణంలోంచే ఫోన్ చేసింది.

"బావా, ఏమని అడగాలె?"

"చిన్న లైనుది గావాలను. పెద్ద లైనుది వద్దు, మరదలా."

"చిన్నదే గదా. అంత చెప్పాల్నా!"

ఆమె తెచ్చిన ఇంజనును ఎడ్వర్డ్ అరచేతిలో పెట్టుకుని, వెల్లకిలా తిప్పి చక్రాలు చూశాడు. డబ్బాల పక్కన అది పొట్టిగా కనపడింది.

"గింత పొట్టిగున్నదేంది?" అంది ఝాన్సీ.

"చిన్న లైను ఇంజన్ గట్లనే ఉంటది. మస్తు తెచ్చినవ్, రెబెక్కా. గిదే నేను గావాలన్నది."

రెబెక్కా మురిసిపోయింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా అతనికొక సాకు దొరికేది. కరెంటు సరిగా లేదనేవాడు, పట్టాలు కడగాలనేవాడు. నూనె మాత్రం మానలేదు. బల్లగుడ్డ మీద మరకలు పడ్డాయని ఝాన్సీ విసుక్కుంటే దుకాణంలో నేర్చిన మాటొకటి చెప్పేవాడు: "నడిచేది గీత పెడ్తది, నిలబడ్డది మచ్చ పెడ్తది. నూనెను తిట్టకు."

ఎడ్వర్డ్ పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికకు రెబెక్కా వచ్చింది. చుట్టాలు వెళ్ళిపోయిన మధ్యాహ్నం ఝాన్సీ ఇంజను తీసుకొచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది.

"ఒక్కసారి నడుపవే. గౌడవెల్లిల ఆగంగ చూడాలె."

రెబెక్కా దాన్ని పట్టాల మీద పెట్టింది. చక్రాలు పట్టాలను అందుకోలేదు. ఇంజను రెండు పట్టాల నడుమ అడ్డకొయ్యల మీదికి జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది.

"అక్కా, ఇది దీని మీదిది గాదు," అంది రెబెక్కా. "చిన్నదన్నడని అన్నిట్ల చిన్నది ఇయ్యమన్న. చిన్న లైనంటే పట్టాలు దగ్గరుండుడని దుకాణపోనికి ఎట్ల తెలుస్తది? నాకన్న తట్టకపాయె. బావ ఒక్క మాట అనకపాయె!"

"నువ్వు బాధపడ్తవని," అంది ఝాన్సీ. అరలో నూనె తాగుతూ ఉత్తగా పడి ఉన్న బొమ్మ మీద ఇన్నాళ్ళూ తను ఆశ పెట్టుకుంది. ఇంజనును తీసి కొంగుతో తుడిచింది. అది జారిన చోట దుమ్ము రేగిందేమోనని వంగింది.

దుమ్ము లేదు. పట్టాల నడుమ, కొయ్యల మీద, జంటగా రెండు సన్నని గీతలున్నాయి. వేలితో తాకి వాసన చూసింది. మిషన్ ఆయిల్. గీతలు బల్ల చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చాయి. వేలితో తోసుకుంటూ పోతే తప్ప ఆ ఇంజను అలా తిరగదు. గురువారం మధ్యాహ్నాలు ఆమె చర్చిలో స్త్రీల కూడికకు వెళ్ళేది. ఆ పూట అతను అన్నానికి ఇంటికొచ్చి, దుకాణానికి ఆలస్యంగా పోయేవాడు. కునుకు తీస్తున్నాడనుకునేది.

గీతలు చుట్టంతా సన్నగానే ఉన్నాయి. అట్టపెట్టె స్టేషన్ ముందు మాత్రం నూనె కొయ్యల్లోకి ఇంకి, రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ కట్టింది.