వెచ్చగా పెట్టిన కెమెరా

అడవి జంతువుల ఫొటోలు తీసే ఆయన్ని వీధిలో అందరూ కొంగాయన అంటారు. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటాడని ఆ పేరు. అదేదో సరదా పని అనుకుంటారు జనం. సరదానా, వాళ్ల తలకాయ! చలికి వేళ్లు కొయ్యబారతాయి. దగ్గొస్తే మింగాలి, ముక్కు కారితే కారనివ్వాలి. ఇంత చేసినా మంచు చిరుత మాత్రం ఏళ్ల తరబడి ఆయనకి ముఖం చాటేసింది. ఈలోగా మోకాళ్లు అరిగిపోయాయి. వచ్చే నెల ఆపరేషన్, ఆపైన కొండ ఎక్కే మాటే లేదని డాక్టరు తెగేసి చెప్పాడు. దొరికితే ఈసారే దొరకాలి.

"మిమ్మల్ని ఒక్కర్నే పంపితే నా ప్రాణం ఇక్కడ కొట్టుకుంటుంది" అని భార్య కూడా బయల్దేరింది.

కొండమీద ఒంటి రాతిగది, లోపల పొయ్యి. కెమెరా మాత్రం బయట వసారాలో, చలిలోనే ఉండాలి. వేడిలోకి తెస్తే అద్దాల లోపల చెమ్మ పట్టేస్తుంది. ఆ సంగతి ఆవిడకి చెప్పాలని ఆయనకి తోచలేదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆవిడ కెమెరా ముట్టుకుంటే కదా!

ఎదురుచూసి ఎదురుచూసి, ఓ మధ్యాహ్నం ఆయన గోడకి ఆనుకుని కునుకు తీశాడు. ఆవిడ వసారాలోకి వెళ్లి కెమెరా మీద చెయ్యేసింది. "అయ్యో, మంచుగడ్డలా ఉందే!" అనుకుని లోపలికి తెచ్చి, తన శాలువా చుట్టి, నీళ్లు మరుగుతున్న పొయ్యి పక్కన పెట్టింది.

కాసేపటికి ఎదురు వాలులో రాళ్లు దొర్లాయి. ఆయన ఉలిక్కిపడి కిటికీలోంచి చూశాడు. చిరుత! ఆవిడ శాలువా విప్పి అందించిన కెమెరా లాక్కుని కన్ను ఆనించాడు. అంతా తెలుపు. తుడిచాడు. చెమ్మ లోపలుంది. పొయ్యి చూశాడు, శాలువా చూశాడు. కోపం నషాళానికంటింది.

అరవబోయి వెనక్కి తిరిగాడు. ఆవిడ రెండు చేతులూ గుండెలకి హత్తుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది.

చిరుత తీరిగ్గా పంజా నాక్కుని, గట్టు దాటి వెళ్లిపోయింది.

"తీశారా?" అంది ఆవిడ గుసగుసగా.

"లేదే. చేతులు వణికాయి."

"మీకా? ఎప్పుడూ లేందే!"

"ముసలాణ్ణయిపోలేదూ?" అని కూలబడ్డాడు. ఆవిడ ఏడుస్తూ ఆ చేతుల్ని తన చేతుల మధ్య రుద్దింది.

ఇప్పుడు వీధిలో ఎవరడిగినా ఆవిడదే జవాబు: "చేతులు వణికాయండీ పాపం, లేకపోతేనా!" తోటి ఫొటోగ్రాఫర్లు వచ్చి జాలిపడి పోతున్నారు. ఆయన తలూపుతాడు.

ఆపరేషన్ రోజు ఆస్పత్రిలో ఒకటే ఉక్కపోత. ఆవిడ సంచిలోంచి ఉన్ని చేతితొడుగులు తీసి, "మళ్లీ వణుకుతాయేమో, వేసుకోండి" అంది.

కొంగాయన రెండు చేతులకీ తొడుక్కున్నాడు.