ఎండ కారని ఇల్లు

భీమిలిలో పుట్టినవాళ్లకి కిటికీ మూయడమంటే ముక్కు మూసుకోవడమే. బంగారమ్మది ఆ ఊరే. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీంచి గాలి రావాలి, ఇల్లంతా తిరగాలి, పెరటి తలుపులోంచి పోవాలి. మొగుడు భీమారావు రైల్వే షెడ్డులో ఫిట్టరుగా రాయపూర్ వచ్చాక, స్టేషను వెనక పెంకుటి క్వార్టరులోనూ ఆవిడ అదే పద్ధతి నడిపింది. మే నెల మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ బార్లా తీసి గాలి కోసం కూర్చునేది. సముద్రమే లేని ఊళ్లో సముద్రపు గాలి ఎక్కణ్ణించి వస్తుంది పాపం! వచ్చేది నిప్పుల గాలి. "పాడు ఊరు" అని ఏళ్ల తరబడి తిట్టుకుంటూనే ఉంది.

1951 వేసవిలో తిట్టి ఊరుకుంటే సరిపోలేదు. తొలి కాన్పుకి వచ్చిన కూతురు రమణమ్మ ఒళ్లో నెల పిల్ల, ఒళ్లంతా చెమటకాయలతో గుక్కపట్టి ఏడుస్తోంది. చూడవచ్చిన అల్లుడు సూర్యారావు మొహం ముడుచుకున్నాడు. "ఇది ఇల్లా, ఇటికల బట్టీయా అత్తా? భాటాపారాలో అన్నయ్యని చూసి ఆదివారం వొస్తాను. ఆ సాయంత్రం బండికే ఇద్దర్నీ తీసుకుపోతాను" అనేసి వెళ్లాడు. మూడో నెల రాకుండానే బాలింత పుట్టింటి గడప దాటడమా! కానీ అతనన్నదీ నిజమే.

ఆ మర్నాడు ఆవిడ చూపు పక్కింటి మీద పడింది. అక్కడ సుకవారో అనే ఛత్తీస్‌గఢీ ఆవిడ కాపురం. పొద్దెక్కగానే ఆ ఇల్లు మూతపడుతుంది. ఊపిరాడక ఎలా చస్తారో అని ఇన్నేళ్లూ నవ్వుకున్న బంగారమ్మకి ఇప్పుడు అనుమానం పుట్టింది. మరి ఆ ఇంట్లో పసివాళ్లు ఎందుకు ఏడవరు? చిటికెడు పసుపు నెపం పెట్టుకుని వెళ్లి తలుపు తట్టింది.

గడప మీద నిలబడి చీకట్లోకి కళ్లు చికిలిస్తుంటే సుకవారో కసిరింది. "కపాట్ ల ఓధా దే దీదీ, ఝాంఝ్ ఆవత్ హే!" తలుపెయ్యి అక్కా, వడగాలి వస్తోందని. వేసింది. కాసేపటికి ఒంటికి హాయి తెలిసింది. ఇక బంగారమ్మ ఊరుకుంటుందా! గోడకి అరచెయ్యి ఆనించింది, చల్లన. పైన పెంకుల సందులు మట్టితో పూడ్చి ఉన్నాయి. తెరిచి ఉన్నది పడమటి కిటికీ ఒక్కటే, దానికి తడిపిన వట్టివేళ్ల తడిక. భీమిలిలో తడిబట్ట కడితే ఇల్లు ఉక్కపోసి చంపేది. ఇక్కడి పొడిగాలి ఆ తడిని తాగి చల్లబడి లోపలికొస్తోంది. తడికకి అవతలోసారి, ఇవతలోసారి చెయ్యి పెట్టి చూసింది. మరి రాత్రి? రాత్రంతా అన్నీ తెరిచే ఉంచుతామంది సుకవారో. ఇన్నేళ్లూ నిప్పుల్ని తలుపు తీసి పిలిచింది తనేనా! బంగారమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రమే భీమారావుని నిచ్చెన ఎక్కించింది.

"వానలకింకా టైముంది కదే, ఇప్పుడు పెంకులు సర్దడం ఏటి?"

"వాన కారతాదని కాదయ్యా, ఎండ కారిపోతంది నా ఇంట్లోకి!"

పెళ్లానికి ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు కానీ, సందులన్నీ పూడ్చాడు. ఆవిడ తలుపుల కింద పాతగుడ్డలు కుక్కింది. బజారు నించి వట్టివేళ్ల తడిక తెప్పించింది. "ఊపిరాడదే అమ్మా" అని రమణమ్మ గొణిగితే, "మజ్జానందాకా ఊరుకో" అంది. ఇంత చేసినా ధైర్యం చాలక, ఆదివారం పొద్దున్నే పిల్ల గుడ్డలు మూటకట్టి ఉంచింది.

ఎండన పడి నడిచొచ్చిన సూర్యారావు మూసిన తలుపులు చూసి కంగారుగా దబదబా బాదాడు. బంగారమ్మ తలుపు ఓరగా తీసి, అల్లుణ్ణి రెక్కపట్టి లోపలికి లాగి, టక్కున వేసేసింది. పిల్ల నిద్రలో ఉంది. అతను చుట్టూ చూసి, గోడకి చేరగిలబడ్డాడు. మజ్జిగ తెచ్చేసరికి గుర్రు పెడుతున్నాడు.

బండి వేళయింది. స్టేషను వైపు నించి ఇంజను కూత వినిపించింది.

"అమ్మా, బండి! ఈయన్ని లేపాలా?"

బంగారమ్మ తడిక మీద నీళ్లు చల్లుతోంది. "నీకు లేపాలనుంటే లేపు."

రమణమ్మ మొగుడి వైపు చూసింది. చప్పుడు చెయ్యకుండా మూట దగ్గరికి లాక్కుని, ముడి విప్పడం మొదలుపెట్టింది.