జెద్దాకు తెచ్చిన మాస్కు

రెండు నెలలపాటు చేప ముక్క నోట పెట్టకుండా బతికానంటే బందరులో మావాళ్లెవరూ నమ్మలేదు. అల్ ఖోబర్‌లో మా ఇంటికి సముద్రం నాలుగు వీధుల అవతలే. ఏం లాభం? యుద్ధంలో నీళ్ల నిండా చమురు పారింది, చేప పేరెత్తితేనే జనం మొహం తిప్పుకుంటున్నారు. అందుకే యుద్ధం ఆగి, రంజాన్ నెలలో మావారికి వారం రోజుల సెలవు దొరికిందనగానే నేను అడిగింది ఒక్కటే. "జెద్దా పోదాం. అక్కడిది వేరే సముద్రం."

మేమిద్దరమే కాదు, మూడు జంటలం బయల్దేరాం. మగవాళ్లు ముగ్గురూ ఒకే కంపెనీలో ఇంజనీర్లు. ఆడవాళ్లం ఒకే బిల్డింగులో ఉండేవాళ్లం, అప్పటికి ఎవరికీ పిల్లల్లేరు. మేం ఒకరినొకరం ఊళ్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. నేను బందరు. కింది వాటా ఆవిడ కడప, రంజాన్‌లో ఒక్క రోజా కూడా వదలదు, కానీ ఆవిడ వెటకారానికి మాత్రం ఉపవాసం లేదు. ఎదురు వాటా అమ్మాయి కరీంనగర్, మా ఇద్దరికన్నా చిన్నది.

యుద్ధం ఆగినా కరీంనగర్‌కు మాత్రం ఆగలేదు. సైరన్ వినపడదేమోనని స్నానాల గది తలుపు వేసుకునేది కాదు. కాళ్లకు చెప్పులతోనే పడుకునేది. కుక్కర్ కూత వినిపిస్తే సైరనే అనుకుని వణికిపోయేది. అందుకని ఆ విజిల్ తీసి ఎక్కడో పడేసి, పప్పు గిన్నెలో ఉడికించేది. అది ఎప్పటికీ ఉడికేది కాదు. పాపం ఆమె భర్త ఆ రెండు నెలలూ ఆ పలుకు పప్పే తిన్నాడు.

బయల్దేరే ముందు అతను నన్ను పక్కకు పిలిచాడు. "ఈ వారం చూస్త వదినా. అప్పటికి గిట్లనే ఉంటె ఎగ్జిట్ కొట్టిచ్చి ఇంటికి పంపిస్త."

ఎగ్జిట్ అంటే ఇక మళ్లీ రావడం ఉండదు. పొద్దున్నే నా ఇంటి తలుపు తట్టేదీ, నా కోపాలన్నీ భరించేదీ ఆ పిల్లే. అది పోతే ఆ ఎడారిలో నాకు మాట్లాడే దిక్కేది? ఈ వారంలో దాన్ని మళ్లీ మనిషిని చేసి తీరాలని పంతం పట్టాను. నా పంతం సంగతి మావారికి తెలుసు.

తీరా వ్యాన్ ఎక్కేసరికి కరీంనగర్ భుజాన ఒక సంచి. విషవాయువు బాంబులు పడతాయేమోనని యుద్ధంలో కంపెనీ వాళ్లిచ్చిన గ్యాస్ మాస్కు! తక్కినవాళ్లం మావి ఇళ్లలోనే వదిలేశాం.

"ఏవిటే అది? జెద్దాలో చేపలు పట్టడానికా?" అన్నాను.

"ఉండనీ అక్కా. బరువేం గాదు."

"నేను ఉప్పెన చూసినదాన్నే. నా పక్కన కూర్చుని భయమేవిటే నీకు?"

ఈ ఉప్పెన మాట దారంతా చెబుతూనే ఉన్నాను. తాయిఫ్ దాటాక రోడ్డు రెండుగా చీలింది. తిన్నగా పోతే మక్కా, ముస్లింలు కానివాళ్లు మాత్రం చుట్టూ తిరిగి పోవాలి. "మీకోసరం నేనుగూడా చుట్టు తిరిగి వస్తాండా. ఆ పుణ్యంలో మీకు వాటా లేదు," అంది కడప. అందరం విరగబడి నవ్వాం. కరీంనగర్ కూడా నవ్వింది కానీ, సంచి మీద చెయ్యి తియ్యలేదు.

జెద్దా చూడగానే నాకు పూనకం వచ్చినంత పనయింది. ఎంత నీలం! మా ఖోబర్ తీరంలా నల్లటి జిడ్డు లేదు, ముక్కు మూసుకునే పని లేదు. తెల్లారకముందే మగవాళ్లను తరిమి చేపల బజారుకు పంపాను. వంజరం చేప తెచ్చారు, నా చెయ్యంత పొడుగు. వంటిల్లున్న అద్దె ఫ్లాటు మాది. చింతపండు పులుసు కాగుతుంటే ఆ వాసనకే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కడప మాత్రం రోజా ఉంది కనక, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని నన్ను తిడుతూ తిరిగింది.

పగలు నిద్రలు, పేకాటలు. చీకటి పడ్డాక పాత ఊరు బలద్ సందుల్లో షికార్లు, చెక్క కిటికీల కింద గాజుల బేరాలు. నాకైతే మళ్లీ పెళ్లికి ముందు రోజులు వచ్చినట్టుంది. కరీంనగర్ కూడా మాతోనే తిరిగేది, తినేది. చెప్పులు మాత్రం విప్పేది కాదు. కుక్కర్ తీయబోతే "అక్కా, నీ కాల్మొక్త, విజిల్ పెట్టకు," అనేది. ఆమె భర్త నావైపు చూసి తల దించుకునేవాడు. రోజులు తరిగిపోతున్నాయని నాకు కంగారు.

మూడో రోజు సాయంత్రం మొదటిసారి సముద్రపు ఒడ్డుకు, కార్నిష్‌కు వెళ్లాం. మగవాళ్లు సమోసాలు తేవడానికి పోయారు. సిమెంటు బెంచీ మీద మేం ముగ్గురం. చుట్టూ చాపలు పరుచుకుని జెద్దా కుటుంబాలు. కడప చేతిలో ఖర్జూరం పట్టుకుని ఆకాశం చూస్తోంది. నేను యథాప్రకారం ఉప్పెన కథ మొదలుపెట్టాను. "తాడిచెట్టంత అల వచ్చినా నేను బెదరలేదు, తెలుసా?"

ఢాం!

నేల అదిరింది. తర్వాత నాకు తెలిసిందల్లా నేను బెంచీ కింద ఉన్నాను. ఒంటి మీది నల్ల అబాయా నెత్తిన కప్పుకుని "అమ్మో, నాయనో!" అని అరుస్తున్నాను. ఇంతలో ముక్కులోకి గుప్పున రబ్బరు వాసన. ఎవరో నా మొహానికి మాస్కు బిగించేస్తున్నారు. అద్దాల్లోంచి చూస్తే కరీంనగర్! తన మొహానికి ఏమీ లేదు. రెండు చేతులా నా తల వెనక పట్టీలు లాగుతూ నా చెవిలో అరుస్తోంది. "మెల్లగ ఊపిరి తీస్కో అక్కా! ఏం గాదు, నేనున్న!"

మరుక్షణం మసీదులన్నిట్లోంచీ అజాన్ మొదలైంది.

కడప ఖర్జూరం నోట్లో పెట్టుకునే ఉంది, నవ్వలేక ఉక్కిరిబిక్కిరవుతోంది. "అది ఇఫ్తార్ ఫిరంగిక్కా! రోజా ఇడిసే టయానికి పేలుస్తారు. మీకు చెప్పేది మర్సిపోతినే!"

పక్క చాప మీది ముసలమ్మ ఖర్జూరాల పళ్లెంతో వచ్చింది. నా మాస్కు పైకెత్తి, చంటిపిల్లకు పెట్టినట్టు ఒక పండు నా నోట్లో పెట్టింది. "మాఫీ ముష్కిల్," అంటూ వీపు నిమిరింది. ఏం పర్లేదని. చుట్టూ ఉన్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నా మేకపోతు గాంభీర్యం జెద్దా సముద్రం సాక్షిగా అక్కడికక్కడే సమాప్తం.

అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది కరీంనగర్. పొట్ట పట్టుకుని, ఇసకలో కూలబడి, యుద్ధం మొదలైనప్పటినుంచీ దాచుకున్న నవ్వంతా నవ్వింది. నవ్వి నవ్వి ఉన్నట్టుండి ఆగింది.

"అక్కా, మాస్కు ఒక్కటే ఉండె గదా," అంది ఆశ్చర్యంగా. "నేను పెట్టుకోవాల్నని నాకు యాదికే రాలే."

దాన్ని గట్టిగా వాటేసుకుని, అంతమంది ముందూ భోరుమన్నాను.

ఆ తర్వాత రోజూ ఫిరంగి వేళకు నా చెయ్యి అదే పట్టుకుని కూర్చునేది. నేను ఉప్పెన ఊసెత్తితే ఒట్టు.

ఆఖరి రోజు మధ్యాహ్నం కునుకు తీస్తున్నాను. వంటింట్లోంచి కీచుమని కూత! మంచం మీంచి ఎగిరి పడ్డాను. నేను గుమ్మం చేరేసరికి ఆమె భర్త కూడా పరుగెత్తుకొచ్చాడు. పొయ్యి ముందు కరీంనగర్ వట్టి కాళ్లతో నిలబడి ఉంది. నా కుక్కర్ మీద విజిల్ ఎగురుతోంది.

"ఏం గాలే అక్కా, పప్పు ఉడుకుతాంది," అంది.

అతను మెల్లగా అడిగాడు. "మరి ఎగ్జిట్ సంగతి?"

ఆమె వెనక్కి కూడా తిరగలేదు. "నేను పోతే బందరక్కకు మాస్కు ఎవలు పెడ్తరు? నువ్వు పోయి కూసో, ఇంక రెండు కూతలు రావాలె."