వెస్లీ వేలికి నచ్చిన ఫోన్

లక్సెట్టిపేట బస్టాండు నుంచి గోదావరి వైపు పోయే దారిలో వెస్లీ పిండి గిర్ని ఉంది. ఊళ్లో ఇంకా రెండు మూడు గిర్నీలున్నా, జొన్నలు మాత్రం వెస్లీ దగ్గరే పట్టించాలంటారు ఆడవాళ్లు. రాళ్ల నడుమ నుంచి జారే పిండిని ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, "జర బరకున్నది, ఇంకింత బిగియ్యాలె" అని చక్రం తిప్పుతాడు. ఆ పిండితో చేసిన రొట్టె అంచు విరగదు. గింజలు అయిపోవచ్చాయన్న సంగతి రాళ్ల చప్పుడు మారగానే ఆయనకు తెలిసిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆయనకు చూపు లేదన్న సంగతి చాలాసేపటికి గానీ తెలియదు.

ఇరవై ఆరో ఏటి దాకా చూపుండేది. అప్పుడాయన ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు కట్టే పనిలో ఉండేవాడు. కంట్లో ఒత్తిడి పెరిగింది. తలనొప్పే కదా అనుకుని ఆలస్యం చేశాడు. ఒక కన్ను పోయిన ఎనిమిది నెలలకు రెండోదీ పోయింది. కూతురు స్తుతికి అప్పటికి ఏడాది నిండలేదు. భార్య సంతోషమ్మ ఆ పిల్లను చంకనేసుకుని, మొగుణ్ని చేయిపట్టుకుని సొంత ఊరికి తీసుకొచ్చింది. తన అన్న గిర్నిలో ఆయనను కూర్చోబెట్టి, పిండి చేతికి తగిలించి, "గిది గోధుమ, గిది శనగ, గిది మక్క" అంటూ నేర్పింది. తర్వాత కొన్నేళ్లకు ఆ గిర్నినే వాళ్లు కొనుక్కున్నారు.

అప్పటి నుంచి ఆయనకు అక్షరం అంటే సంతోషమ్మ గొంతే. కరెంటు బిల్లు, పెండ్లి కార్డు, మందు సీసా, అన్నీ ఆమే చదివేది. ఆదివారం మెథడిస్టు చర్చిలో కొత్త పాట ఎత్తుకుంటే, ఒక్కొక్క లైను ముందుగా ఆయన చెవిలో చెప్పేది. ఆయన అందుకుని పాడేవాడు. ఇరవై ఏడేళ్లుగా అట్లాగే నడిచింది.

పోయినేడు వానాకాలంలో స్తుతికి ఏడో నెల పడింది. ఆ పిల్ల ఆదిలాబాద్‌లో నర్సు. డాక్టరు మంచం దిగొద్దన్నది. తల్లి పోయి మూడు నాలుగు నెలలు ఉండక తప్పదు. సంతోషమ్మ మూట కట్టుకోవడమే లేదు.

"నిన్నిడిసిపెట్టి ఎట్ల పోవాలె? బీపీ గోలి, షుగర్ గోలి రెండు ఒక్కతీరుగనే ఉంటయి. అది ఇది మార్చి మింగితే?"

"అన్నం వండుకుంట, బట్టలు పిండుకుంట. గోలీల కాడనేనా నీ ఫికర్?"

"గోలీల కాడనే," అందామె.

ఆ సమయానికి గోధుమలు పట్టించడానికి వచ్చి కూర్చున్న భానుప్రసాద్ ఈ మాటలన్నీ విన్నాడు. ఆయన రిటైరైన హిందీ పండితుడు. "వెస్లన్నా, ఇప్పుడు ఫోన్లే మాట్లాడుతున్నయి. తెర మీద ఏది ముట్టుకున్నా పేరు చెప్తది. కెమెరా ముందల కాయితం పెడితే సదివి వినిపిస్తది. గీ బటన్ల ఫోను ఇంకెన్నేండ్లు?" అన్నాడు.

మూడు రోజుల తర్వాత ఆయనే ఇంటర్నెట్‌లో చూసి, ఒక తెల్ల కాయితం మీద గీతలు కొట్టి, రెండు ఫోన్లను పక్కపక్కన పెట్టి పదహారు వరుసలు రాసుకొచ్చాడు. గిర్ని ఆపి ముగ్గురూ కూర్చున్నారు. సంతోషమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

"మొదటిదానికి ఎనిమిది జీబీ ర్యామ్. రెండోదానికి ఆరు."

"ర్యామ్ అంటే ఏంది సార్?"

భానుప్రసాద్ గిర్ని వైపు చూశాడు. "మీ గిర్ని మీద గింజలు పోసే డబ్బా ఉంటది గదా. అది పెద్దగుంటే ఒక్కపారే ఎక్కువ పోస్తవు. చిన్నగుంటే ఆగి ఆగి పొయ్యాలె."

"సమజైంది. మొదటిదానికి ఒక మార్కు."

తెర వెలుగు మొదటిదానికే ఎక్కువ. రంగులు వంద కోట్లట. "నాకు రంగులెందుకు, గది కొట్టెయ్యి," అన్నాడు వెస్లీ. బ్యాటరీ రెండింటికీ సమానం. చార్జింగ్ మొదటిది తొందరగా ఎక్కుతుంది. కెమెరా రెండింటికీ యాభై మెగాపిక్సెల్. మొదటిదాని వేలిముద్ర తెర కిందే ఉంటుంది, రెండోదానికి పక్క బటన్‌లో ఉంటుంది. అన్నీ కూడితే మొదటిదానికి తొమ్మిది, రెండోదానికి నాలుగు వచ్చాయి.

"ఇంకేం, మొదటిదే తీసుకో," అని తేల్చేశాడు భానుప్రసాద్. వెస్లీ తలూపాడు కానీ, కాయితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఒక్కపారి చేతితోని పట్టి చూస్త సార్," అన్నాడు.

మర్నాడు మొగుడూ పెళ్లాం బస్సెక్కి మంచిర్యాల పోయారు. మొదట దూరిన దుకాణంలో ఒకతను ఫోన్ తెరిచి, "చూడండి సార్, బొమ్మ ఎట్ల మెరుస్తుందో," అన్నాడు. సంతోషమ్మ సంగతి చెప్పేసరికి తడబడి, ఆ తర్వాత ఆమెతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. "సార్‌కు ఏం వాడతరు? సార్‌కు ఎంతలో కావాలె?" వెస్లీ నవ్వుకుని బయటికి నడిచాడు. చెవులు బాగానే ఉన్నవాణ్ని పక్కన పెట్టి పెళ్లాంతో మాట్లాడేవాళ్లు ఆయనకు కొత్త కాదు.

రెండో దుకాణం స్టేషన్ రోడ్డులో ఉంది. కౌంటర్ వెనక మంజుల అనే ముప్పై ఏళ్లామె. ఆమె ఆయనకేసి తిరిగి, "ఫోన్‌తోని ఏమేం పని చేస్తవు కాకా?" అని అడిగింది.

వెస్లీ నిలబడ్డ చోటే నిటారుగా అయ్యాడు. "గిర్ని నడుపుత బిడ్డా. నాకు మందుచీటీ సదవాలె, గోలీ పేరు చెప్పాలె, బిడ్డకు ఫోన్ కొట్టాలె. గవే."

ఆయన జేబులోంచి తీసిచ్చిన కాయితం చూసి, అందులోని రెండు ఫోన్లనూ మంజుల డబ్బాల్లోంచి కాకుండా, చూపించడానికి పెట్టినవి తీసి చేతిలో పెట్టింది. వెస్లీ ఒకటి కుడిచేత, ఒకటి ఎడమచేత పట్టుకున్నాడు. మొదటిది చేప లెక్క జారుతోంది. అంచులు వంగి ఉన్నాయి, తెర ఎక్కడ ఆగి అంచు ఎక్కడ మొదలైందో వేలికి తెలియడం లేదు. రెండోది వెనక గరుకుగా, అంచులు నిక్కచ్చిగా ఉన్నాయి. ఆ క్షణం నుంచి ఆయన వాటిని నున్నది, గరుకుది అనే పిలిచాడు.

"దీని మీద వేలు ఎక్కడ పెట్టాలె?" అని నున్నదాన్ని ఎత్తాడు.

"తెర కింద, నడుమల... ఇగో ఇక్కడ." ఆమె ఆయన వేలు పట్టుకుని పెట్టింది. తీసి మళ్లీ పెట్టమంటే ఆయన వేలు నాలుగుసార్లు తప్పింది. గరుకుదాని పక్కనున్న బటన్‌ను మాత్రం మొదటిసారే పట్టుకున్నాడు.

"ఇంకోటి బిడ్డా. ఇయర్‌ఫోన్ పెట్టే బొక్క ఉందా?"

"నున్నదానికి లేదు కాకా. తీగ లేనివి కొనుక్కోవాలె."

"పిండి దుమ్ముల గవి కింద పడితే నేనెక్కడ దేవులాడుకోవాలె? తీగుంటే మెడలనే ఉంటది. ఒక చెవిల ఫోను, ఒక చెవిల గిర్ని. గిర్ని చప్పుడు వినకుంటే నా రాళ్లు పోతయి."

మంజుల రెండింట్లోనూ తెలుగు మాట పెట్టింది. వేలు పెట్టగానే ఫోన్ గలగలా చదివింది. నున్నది వేలు ఆనీ ఆనకముందే చెప్పేస్తోంది. గరుకుది మాత్రం వేలు పెట్టాక ఒక క్షణం ఆగి చెబుతోంది. వెస్లీ మొహం కొద్దిగా వాడింది. "భానుప్రసాద్ సార్ చెప్పిన డబ్బా సంగతి గిదే ఉన్నట్టుంది," అన్నాడు సంతోషమ్మతో.

"జర ఆగు కాకా." మంజుల గరుకుదాన్ని వెనక్కి తీసుకుంది. చూపించడానికి పెట్టిన ఫోన్ కాబట్టి దానిలో కంపెనీవాళ్లు వేసిన వీడియోలు, ప్రకటనలు ఆగకుండా నడుస్తున్నాయి. వాటన్నిటినీ ఆపింది. ఆ తర్వాత ఆమె చేసిన పని సంతోషమ్మ ఇప్పటికీ చెబుతుంటుంది. మంజుల చున్నీతో కళ్లకు గంతలు కట్టుకుంది. దుకాణం నిండా గిరాకీలుండగా, రెండు ఫోన్లనూ ఒకదాని తర్వాత ఒకటి తడుముతూ ఫోన్ కలపడానికి, కట్ చేయడానికి ప్రయత్నించింది. నున్నదాన్ని పట్టుకుని రెండుసార్లు ఎవరికో తప్పుగా ఫోన్ కొట్టింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ గంతలు విప్పలేదు.

"గరుకుదే మంచిగున్నది కాకా. ఇప్పుడు మాట కూడ ఆగుతలేదు, చూడు."

నిజంగానే ఆగలేదు. ఆఖరున సంతోషమ్మ పర్సులోంచి గోలీల పట్టీ తీసింది. కెమెరా ముందు పెడితే గరుకుది పేరు చదివింది. మెరిసే పట్టీ కాబట్టి కొంచెం వంచి పట్టాల్సి వచ్చింది. ఎట్లా వంచాలో వెస్లీ చేతికి మంజులే నేర్పింది.

"మా బాపు దశరథం సిరిసిల్లల బట్ట నేసే సాంచలు నడిపేటోడు," అందామె బిల్లు రాస్తూ. "ముప్పై ఏండ్లు ఆ చప్పుడులనే ఉండి చెవులు పోయినయి. ఆయనకు ఫోన్ కొనేటప్పుడు ఏ దుకాణంల గూడ ఎంత గట్టిగ మోగుతదో వినిపించలేదు. కెమెరా చూడు, కెమెరా చూడు అన్నరు. గది నాకు యాదికుంటది."

ఫోన్ కొనడం ఒక ఎత్తు, అది చెప్పినట్టు వినడం ఒక ఎత్తు. మొదటి వారం వెస్లీ పరేషాన్ అయిపోయాడు. ఫోన్ మోగితే ఎత్తడం రాలేదు. పాస్టరుగారికి పొద్దున్నే మూడుసార్లు ఫోన్ పోయింది. ఒకరోజు విసిగి పిండిబస్తా మీద పడేశాడు. మంజుల మాత్రం మధ్యాహ్నం అన్నం తినే వేళ రోజూ ఫోన్ చేసేది. "రెండు వేళ్లతోని రెండుసార్లు కొట్టు కాకా. గట్టిగ గాదు, పిండి చూసినట్టు." అట్లా తొమ్మిది రోజులు. పదో రోజు వెస్లీయే ఆమెకు ఫోన్ చేసి, "అన్నం తిన్నవా బిడ్డా?" అన్నాడు.

సంతోషమ్మ ఆ మర్నాడే ఆదిలాబాద్ బస్సెక్కింది.

ఒంటరిగా ఉన్న రోజుల్లో ఆయన దొరికిందల్లా చదివించాడు. సబ్బు కాయితం, బియ్యం సంచి, ఎవరో పారేసిన బస్ టికెట్. ఒకరోజు పొద్దున గిర్ని తెరుస్తూ తలుపు మీది బోర్డుకు ఫోన్ ఎత్తాడు. ఆ రేకు బోర్డు రాయించి పద్నాలుగేళ్లయింది, గిర్ని సొంతమైన ఏడాది. భార్య పేరే పెట్టాడు. ఫోన్ చదివింది: "సంతషమ్మ పిండి గిర్ని."

"తప్పు చెప్తున్నవు," అని మళ్లీ పట్టాడు. మళ్లీ అదే. ఒక్కో అక్షరం చెప్పించాడు. చివరికి స్టూలెక్కి బోర్డు మీద వేలు పెట్టాడు. ఎనామిల్ రంగు ఉబ్బెత్తుగా తగిలింది. ఆయన చూపున్నప్పుడు చదువుకున్నవాడే. 'త' మీద ఓత్వం లేదు. కొమ్ములాంటిది ఏమైనా ఉందా అని చుట్టూ తడిమాడు. లేదు.

వెంటనే ఆదిలాబాద్‌కు ఫోన్ కొట్టాడు. "బోర్డు మీద నీ పేరు తప్పున్నది, నీకు ఎరికేనా?"

అటువైపు నుంచి నవ్వు. "రాసిన నాడే చూసిన."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు పెయింటర్‌కు చాయ్ తాపి, పోయేటోన్ని వచ్చేటోన్ని పట్టుకొని 'మా ఆమె పేరు ఎట్లున్నది, ఎట్లున్నది' అని అడుగుతుంటివి. నీ మొహం చూసినంక నాకు ఎట్ల చెప్పబుద్ధయితది?"

ఊరంతా పద్నాలుగేళ్లు ఆ బోర్డు చదివింది, భానుప్రసాద్ లాంటి పండితుడితో సహా. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆయనకు చెప్పొద్దని సంతోషమ్మే ఇంటింటికీ పోయి అడుక్కున్నదని వెస్లీకి ఆ సాయంత్రం భానుప్రసాద్ చెప్పాడు. వెస్లీ మోటరు ఆపి, పిండి అంటిన చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు అప్పట్లో ఆ బోర్డు రాసిన పెయింటర్ పర్శరాములును పిలిపించి ఓత్వం పెట్టించాడు. పర్శరాములు సిగ్గుపడి పైసలు తీసుకోలేదు. చాయ్ మాత్రం తాగాడు.

దసరా పోయిన తర్వాత స్తుతికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఏడుపు ఫోన్లోనే విన్నాడు వెస్లీ. పిల్లకు మూడో నెల పడ్డాక సంతోషమ్మ తిరిగొచ్చిన ఆదివారం, చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నప్పుడు ఆయన లేచాడు. ఎప్పుడూ లేచే మనిషి కాదు.

"నా కండ్లు పోయిననాడు దేవునితోని లడాయి పెట్టుకున్న. గది మీకు తెల్వదు, గీమెకు తెలుసు," అన్నాడు. "ఇప్పుడు కృతజ్ఞత చెప్పాలె. గీమె ఇరవై ఏడేండ్లు నాకు సదివి పెట్టింది, ఒక్కనాడు విసుక్కోలే. మంచిర్యాలల మంజుల అని ఒక బిడ్డ ఉన్నది. మన సంఘం పిల్ల గాదు. నా కోసం కండ్లకు గంత కట్టుకున్నది. ఆ బిడ్డ కోసం ప్రార్థన చెయ్యున్రి." ఇంకా ఏదో చెప్పబోయి, సంతోషమ్మ చేయి వెతుక్కుని కూర్చున్నాడు.

ఆ మంగళవారం ఇద్దరూ మంచిర్యాల పోయారు. దుకాణం రద్దీగా ఉంది. వెస్లీ గొంతు వినగానే మంజుల గిరాకీని వదిలి గబగబా వచ్చింది.

"ఏమైంది కాకా? ఫోన్ ఖరాబైందా? మాట వస్తలేదా?"

"ఏం కాలే బిడ్డా. మంచిగున్నది. గదే చెప్పిపోదామని వచ్చినం," అని వెస్లీ ఐదు కిలోల జొన్నపిండి సంచి కౌంటర్ మీద పెట్టాడు.

మంజుల ఆయన మొహంలోకి చూసింది. "ఏడేండ్ల సంది గీ దుకాణంల ఉన్న. కొన్నంక మల్ల వచ్చేటోల్లందరు తకరార్ పట్టుకొనే వస్తరు. మంచిగున్నదని చెప్పనీకి వచ్చింది నువ్వొక్కనివే కాకా."

సంచి మూతి విప్పి ఒక చిటికెడు పిండి వేళ్ల మధ్య నలిపింది. ఇంకా వెచ్చగానే ఉంది. "కూసోన్రి, చాయ్ తెప్పిస్త," అని, గిరాకీని ఇంకొకరికి అప్పజెప్పి వాళ్లిద్దరికీ కుర్చీలు లాగింది.