గేటు మూసిన వేసవి

ఇంగ్లండులో పెనైన్ కొండల మీద ఉత్తరానికి నడుస్తుంటే, బీడు మధ్య రాతిగోడకున్న గేటు దగ్గర ఒకావిడ నిలబడి కనిపించింది. అరవై దగ్గర పడ్డట్టుంది. గేటు బార్లా తీసి తాడుతో గోడకు కట్టేసి ఉంది. అయినా దాటడం లేదు.

"ఏమ్మా, కరుస్తుందా ఆ గేటు?" అన్నాను.

"ఒకసారి కరిచింది," అంది. నవ్వలేదు. "కింద ఆ ఇంట్లో ఒక మాట చెప్పాలి. పొద్దుటి నుంచీ కాళ్ళు రావడం లేదు."

ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాను. పేరు గిలియన్ అట, హాలిఫాక్స్ ఊరి మనిషి.

నడక పిచ్చి పట్టిన మాకు ఒక మతం ఉంది. ఎవరి భూమి మీదో రోజుల తరబడి నడుస్తాం, ఎవరి గడ్డి మీదో గుడారం వేస్తాం, అందుకు బదులుగా మంద తప్పిపోకుండా గేట్లు మూసి పుణ్యం కట్టుకుంటాం. గిలియన్ తండ్రి ఆ మతానికి పూజారి. బడిపంతులు. ఏటా వేసవిలో పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటేసుకుని ఈ బీళ్ళు దాటేవాడు. గేటు గేటుకీ ఆగి, "గొళ్ళెం పడిందా, గిల్లీ?" అనేవాడట.

పందొమ్మిది వందల డెబ్బై ఆరు వేసవిలో వానల్లేవు. వాగులెండిపోయాయి. కింది పొలంలో ఒక్క ఊట మిగిలింది. పై బీడులోని గొర్రెలు దిగి తాగాలని రైతు ఈ గేటు తీసి, మూసుకోకుండా రాయి అడ్డం పెట్టాడు. పంతులుగారు "ఎవరో బుద్ధిలేనివాళ్ళు" అనుకుంటూ ఆ రాయి తొలగించి, గొళ్ళెం వేసి, కిందనే గుడారం వేశాడు. తల్లి కాళ్ళు బొబ్బలెక్కడంతో మర్నాడూ అక్కడే ఆగారు.

"పైన గొర్రెలు ఒకటే అరుపు," అంది గిలియన్. "'విన్నావా, బీడు పాట' అన్నాడు నాన్న."

మర్నాటి సాయంత్రం రైతు ఆల్డర్సన్ వచ్చాడు. గోడ వెంబడి గొర్రెపిల్లలు దాహంతో చచ్చి పడి ఉన్నాయట.

"పై గేటు మూసిందెవరు సార్?"

"మా ముందు లీడ్స్ స్కౌటు కుర్రాళ్ళు వెళ్ళారండీ," అన్నాడు పంతులుగారు.

రైతు నమ్మాడు. మంచి మనుషులని తన టోపీ నిండా గుడ్లు తెచ్చిచ్చాడు. తల్లి నోరెత్తకుండా వేయించింది.

"తిన్నాం," అంది గిలియన్. "ఆకలి మీద ఎంత బాగున్నాయో. అదే ఇంకా గొంతులో ఉంది. నాన్న ఈ ఏడే పోయాడు."

అప్పుడే నాలుగు చక్రాల మోటారుబండి మీద, వెనక కుక్కతో, ఆల్డర్సన్ కొడుకు వచ్చాడు.

"ఏం పెద్దాయనా, నా గేటుకు కాపలానా? ముయ్యకండి. వెనకటికి లీడ్స్ కుర్రాళ్ళు మూసి మా గొర్రెపిల్లల్ని చంపారు. చచ్చేదాకా స్కౌట్లని ఇక్కడ కాలు పెట్టనివ్వలేదు మా నాన్న. నేనూ పెట్టనివ్వను."

గిలియన్ మూత గోడ మీద పెట్టింది.

"కుర్రాళ్ళు కాదు. మూసింది మా నాన్న. మీ నాన్నగారు టోపీలో గుడ్లు తెచ్చిస్తే తిన్నాం కూడా."

అతను బండి ఇంజను ఆపేశాడు.

"టోపీలోనా," అన్నాడు. "ఆ టోపీ ఇంకా మా తలుపు వెనకాలే వేలాడుతోంది."

ఇంకేమైనా అంటాడని ఆవిడ నిలబడింది. అతను తిట్టనైనా తిట్టలేదు. ఆవిడ మొహం చెవులదాకా కందిపోయింది. సంచి భుజానికెత్తుకుని, నాకూ అతనికీ వెళ్ళొస్తానని కూడా అనకుండా, గేటు దాటకుండానే, వచ్చిన దారిన నడిచి వెళ్ళిపోయింది.